జార్జి సైమన్ ఓము

గిటారువాద్యమునకు గొంతు పెంచు ఆంప్లిఫయరు పెట్టెను వెనుక పలక విప్పి చూచినవారికి, అందు వడ్లగింజంత మొదలు చిటికెనవ్రేలంత వఱకు గల చిన్న చిన్న గొట్టములు వరుసగా కనబడును. వానిపై గోధుమవన్నె, నలుపు, ఎఱుపు, పసుపు మున్నగు రంగుల చుట్లుండును. ఇవియే రెసిస్టరులు, మనము నిరోధకము లందుము. విద్యుత్ప్రవాహమున కివి యెంత యడ్డమో తెలుపు కొలతకు ఓము అని పేరు. ఈ పేరు పరీక్షాపత్రములయందు విద్యార్థు లందఱు నెఱిగినదే గాని, అది యొక బడిపంతులు పేరనియు, ఆ పంతులు తన సూత్రమును ప్రకటించిన పిదప ఉద్యోగమును పోగొట్టుకొని ఐదారేండ్లు దారిద్ర్య మనుభవించెననియు నెఱిగినవా రరుదు. తమ గిటారు పెట్టె స్వరము నచ్చక, ఒక నిరోధకమును తీసి మఱియొకదానిని పెట్టజూచు యువకులు ఇప్పుడు పలువురు గలరు. అట్టివారికి ఈ చరిత్రము మిక్కిలి యుపయోగపడునని తలచి, ఈ సంచికయందు దీనిని వ్రాయ నెంచితిమి.

జార్జి సైమన్ ఓము క్రీ. శ. 1789 వ సంవత్సరము మార్చి 16 వ తేదీన జర్మనీ దేశమందలి ఎర్లాంగెను పట్టణమున జన్మించెను. తండ్రి జోహాన్ వుల్ఫ్‌గాంగు ఓము తాళములు చేయు పనివాడు. ఆ దంపతులకు కలిగిన యేడుగురు బిడ్డలలో ముగ్గురు మాత్రమే బ్రదికిరి. జార్జికి పదియేండ్లు నిండిన కాలముననే తల్లి మరణించెను. తండ్రి బడికి పోయి చదివినవాడు కాడు; అయినను తనంతట తాను గ్రంథములు చదివి, గణితమును, భౌతిక రసాయన శాస్త్రములను, తత్త్వశాస్త్రమును కూడ నేర్చుకొనెను. పగలెల్ల ఆకురాయి పట్టిన చేతులతోనే కుమారులకు లెక్కలు నేర్పెను. జార్జియు, తమ్ముడు మార్టినును ఇట్లు పొందిన చదువు ఆ పట్టణపు బడిలో చెప్పు చదువుకంటె మిన్నగా నుండెను. లాంగ్స్‌డార్ఫు అను ఆచార్యు డీ బాలురను పరీక్షించి, వీరు పూర్వపు బెర్నూలీ సోదరులవంటి గణితజ్ఞులగుదురని మెచ్చుకొనెను. మార్టిను తరువాత గణితాచార్యుడయ్యెను.

జార్జికి ఇంటనే అబ్బిన మఱియొక విద్య గలదు. తీగను సాగదీయుట, లోహమును అతుకుట, సన్నని ముల్లును సమముగ నిలుపుట మొదలగు పనులను అతడు తండ్రి దుకాణముననే నేర్చెను. తరువాత కొలోనులో అతడు చేసిన ప్రయోగములకు కావలసిన సాధనములను చాలవఱకు తన చేతితోనే చేసికొనెను. ఈ నైపుణ్యమే లేకున్న, ఓము సూత్రమును వేఱొకరి పేరుతో చదువుకొనియుందుమని మా యభిప్రాయము.

1805 లో ఎర్లాంగెను విశ్వవిద్యాలయమున చేరిన జార్జి, మనము తలచునట్లు పుస్తకములలో మునిగిపోలేదు. నాట్యము, మంచుపై జారుడు ఆట, బిలియర్డ్సు ఆట, ఈ మూటియందును ఆతనికి అమితమైన ఆసక్తి. మూడు అర్ధసంవత్సరములు గడచునప్పటికి తండ్రికి కోపము మిక్కుటమయ్యెను. తనకు లభింపని యవకాశమును కొడుకు ఆటలపాలు చేయుచున్నాడని యెంచి, అతనిని చదువు మాన్పించి, 1806 లో స్విట్జర్లాండునకు పంపివేసెను. అచ్చట గాట్‌స్టాటు అను గ్రామమున నొక బడిలో గణితోపాధ్యాయుడుగా చేరినప్పుడు జార్జి వయస్సు పదునేడేండ్లు. మూడేండ్ల తరువాత న్యూషాటెలు పట్టణమున కేగి, ఇండ్లకు పోయి చదువు చెప్పుచు బ్రదికెను. అప్పుడు పూర్వపు గురువు లాంగ్స్‌డార్ఫు సలహాపై ఆయిలరు, లాప్లాసు, లక్రువా మున్నగు గణితజ్ఞుల గ్రంథములను ఒంటరిగా కూర్చుండి చదివెను. 1811 లో ఎర్లాంగెనుకు తిరిగివచ్చి, ఆ సంవత్సరము అక్టోబరు 25 వ తేదీన డాక్టరు పట్టమును పొందెను.

పట్టము వచ్చెను గాని బ్రదుకుతెరువు రాలేదు. విశ్వవిద్యాలయమున మూడు అర్ధసంవత్సరములు బోధించి, అందు కడుపు నిండదని మానుకొని, 1813 లో బాంబెర్గు పట్టణమున నొక సామాన్యమైన బడిలో చేరెను. 1816 లో ఆ బడియు మూతపడెను. పిదప ఆ పట్టణముననే క్రిక్కిఱిసిన మఱియొక బడికి ఆతనిని సహాయకునిగా మార్చిరి. ఈ దినములలో అతడొక క్షేత్రగణిత గ్రంథమును వ్రాసి, ఆ వ్రాతప్రతిని ప్రష్యారాజగు మూడవ ఫ్రెడరిక్ విల్హెల్ముకు పంపెను. దాని ఫలముగా 1817 సెప్టెంబరులో కొలోను నగరమందలి జెసూటు ఉన్నత పాఠశాలలో గణిత భౌతికశాస్త్రోపాధ్యాయ పదవి లభించెను. ఓము ప్రొటెస్టెంటు కుటుంబమువాడు. ఆ బడి కథోలికులు స్థాపించినది. అయినను ఈ భేదము అతనికి అడ్డము రాలేదు. ఆ బడిలో మంచి ప్రయోగశాల యుండుట ఆతని యదృష్టము.

1820 లో డెన్మార్కు దేశీయుడగు అయిర్‌స్టెడు, విద్యుత్తు ప్రవహించు తీగచెంత దిక్సూచి ముల్లు కదలునని కనుగొనెను. ఈ వార్త ఐరోపాయందలి ప్రయోగశాలల నన్నింటిని కదిలించెను. కంటికి కానరాని ప్రవాహమును కొలుచుటకు మార్గ మిప్పుడు దొరకెను గదా. ఓము పగలు పాఠములు చెప్పి, మిగిలిన వేళలయందు తీగలతో ప్రయోగములు ప్రారంభించెను. ఆతడు వేసికొనిన ప్రశ్న చూచుటకు చాల చిన్నది. తీగ పొడవు పెరిగినకొలది ప్రవాహ మెంత తగ్గును?

1825 లో ఆతడు ప్రకటించిన మొదటి జవాబు తప్పు. విద్యుత్తు పుట్టించుటకు ఆతడు వాడినది రసాయనముల బ్యాటరి. అది తీగ తగిలించినంతనే జోరుగా పొంగి, నిమిషములోనే సన్నగిల్లును. కొంతసేపు విడిచిపెట్టిన మరల కోలుకొనును. ఇట్టి నిలుకడలేని మూలముతో కొలిచిన యంకెలనుండి ఆతడొక లాగరిథము సూత్రమును తీసి యచ్చు వేయించెను. అచ్చయిన పిదప దానిలోని లోపమును తానే యనుమానించెను. అప్పుడు పొగెండార్ఫు అను పత్రికాసంపాదకు డొక మంచి సలహా నొసగెను. రెండు వేర్వేఱు లోహములను అతికి, ఒక యతుకును వేడిలోను, ఒక యతుకును చలిలోను నుంచినచో విద్యుత్తు పుట్టునని 1821 లో థామస్ జోహాన్ సేబెకు అనువాడు కనుగొనియుండెను. ఆ మూలమును వాడుమని పొగెండార్ఫు చెప్పెను.

ఓము బిస్మతు కడ్డీకి రెండువైపుల రాగిపట్టీలను అతికి, ఒక యతుకును మరగు నీటియందును, ఒక యతుకును కరగు మంచునందును ఉంచెను. నీరు మరగుచున్నంతసేపు దాని వేడి మారదు; మంచు కరగుచున్నంతసేపు దాని చలియు మారదు. కావున విద్యుచ్ఛక్తియు మారలేదు. సన్నని తీగకు వ్రేలాడు అయస్కాంతపు ముల్లు ప్రవాహముచే ఒకప్రక్కకు తొలగగా, ఆ తీగను మెలిపెట్టి ముల్లును మొదటి చోటికి తెచ్చి, ఎంత మెలిపెట్టవలసివచ్చెనో దానిని కొలతగా తీసికొనెను. ఒకే మందముగల యెనిమిది రాగితీగలను కోసి, వరుసగా 2, 4, 6, 10, 18, 34, 66, 130 అంగుళముల పొడవున నుంచెను. 1826 జనవరిలో ఈ కొలతలు జరిగెను.

ఈ యంకెలను చూచినవారికి మొదట ఆశ్చర్యము కలుగును. 2 అంగుళముల తీగకు బదులు దానికి రెట్టింపగు 4 అంగుళముల తీగను పెట్టిన ప్రవాహము సగము కాలేదు. పండ్రెండవ వంతు మాత్రమే తగ్గెను. 66 అంగుళముల తీగను తీసి 130 అంగుళముల తీగను పెట్టినపుడు మాత్రము సుమారు అయిదింట రెండు వంతులు తగ్గెను. కారణమేమనగా, ప్రవాహము మనము మార్చు తీగలో మాత్రమే తిరుగదు. బిస్మతు కడ్డీలోను, రాగిపట్టీలలోను, అతుకులలోను కూడ తిరుగును. ఆ మిగిలిన భాగమంతయు సుమారు 20 అంగుళముల తీగతో సమానమని ఓము లెక్కించెను. 22 ను 24 చేసిన భేదము స్వల్పము. 86 ను 150 చేసిన భేద మధికము. మూలముయొక్క బలమును, చుట్టు మొత్తముయొక్క నిరోధముచే భాగింపగా వచ్చునదే ప్రవాహము. ఇదియే ఓము సూత్రము.

మన గోదావరి కాలువలను చూచినవారికి ఇది సులభముగ బోధపడును. పొలము గట్టున నున్న తూమును వెడల్పు చేసినంతమాత్రమున నీరు రెట్టింపు రాదు. పైనున్న లాకులు, మలుపులు, పూడిక, అన్నియు లెక్కకు వచ్చును. తూమును మాత్రమే చూచి లెక్క కట్టిన రైతు మోసపోవును.

ఇప్పుడు గిటారు పెట్టెను చూతము. ట్రాన్సిస్టరులు, వానికంటె సూక్ష్మమైన సాధనములు వచ్చి యెన్నియో యేండ్లైనను, గిటారువాదకులలో పలువురు గాజుబుడ్డి వాల్వులతో చేసిన పెట్టెలనే నేటికిని కోరుచున్నారు. అందు మొదటి వాల్వు సాధారణముగ 12 ఎ. ఎక్స్. 7 అనునది. దాని ప్లేటునకు పైన 100,000 ఓముల నిరోధకమును, కెథోడునకు క్రింద 1,500 ఓముల నిరోధకమును పెట్టుట అమెరికాలోని ఫెండరు పెట్టెలనుండి వచ్చిన వాడుక. సరఫరా 300 వోల్టులనుకొందము. వాల్వు ద్వారా సుమారు ఒక మిల్లీ ఆంపియరు, అనగా ఆంపియరులో వెయ్యవ వంతు, ప్రవహించును. అప్పుడు ప్లేటు నిరోధకముపై 100 వోల్టులు, కెథోడు నిరోధకముపై ఒకటిన్నర వోల్టు నిలుచును. ఈ ఒకటిన్నర వోల్టే వాల్వును తగిన స్థానమున నిలుపు కళ్లెము. తీగ మీటినపుడు వచ్చు సంకేతము ఈ స్థానమునకు పైకిని క్రిందికిని ఊగును.

స్వరమును మార్చగోరువారు మొట్టమొదట చేయివేయునది ఈ కెథోడు నిరోధకముపైననే. 1,500 కు బదులు 2,700 ఓములు పెట్టినచో నేమగును? దాదాపు రెట్టింపు చేసితిమి గనుక ప్రవాహము సగమగునని తొందరపడి చెప్పరాదు. సుమారు 0.7 మిల్లీ ఆంపియరు వఱకే తగ్గును. కెథోడుపై వోల్టేజి రెండు వోల్టులకు కొంచెము తక్కువగా నిలుచును. 820 ఓములు పెట్టినచో ప్రవాహము 1.3 మిల్లీ ఆంపియరులకు కొంచెము మించును. ఓము ఎనిమిది తీగలలో కనుగొనిన సంగతియే ఇది. మనము మార్చినది ఒక భాగము. ప్లేటు నిరోధకమును, వాల్వును మిగిలిన భాగము. అయితే ఒక విశేష మున్నది. వాల్వు లోహపుతీగవలె ఓము సూత్రమునకు సరిగా లోబడునది కాదు. గ్రిడ్డుపై వోల్టేజి మారినకొలది దాని నిరోధము మారుచుండును. కావున కాగితముపై లెక్కించిన పిదపను మీటరుతో కెథోడు వోల్టేజిని కొలిచి, దానిని ఓములచే భాగించి, నిజమైన ప్రవాహమును తెలిసికొనవలెను. నిరోధకము ఓము మాట తప్పదు; దానిని పట్టుకొని వాల్వు గుట్టును తెలిసికొనుటయే పద్ధతి.

ఓములు సరిపోయిన చాలదు. నిరోధకము వేడికి తాళవలెను. వోల్టులను ఆంపియరులచే గుణించిన వాట్లు వచ్చును. పై ప్లేటు నిరోధకమునందు 100 వోల్టులు, ఒక మిల్లీ ఆంపియరు గనుక వాటులో పదవ వంతు వేడియగును. దీనికి అర వాటు నిరోధకము పెట్టిన నిశ్చింత. కెథోడు నిరోధకమున వేడి మఱింత స్వల్పము. ఒక్క 6 వి. 6 వాల్వుగల చిన్న పెట్టెలయందు చివరి వాల్వు కెథోడునకు 470 ఓములు పెట్టుదురు. దానిపై 20 వోల్టులు నిలిచినచో, 20 ని 20 చే గుణించి 470 చే భాగింపగా 0.85 వాటు. ఇచ్చట ఒక వాటుది పెట్టిన కాలకుండునేమో గాని, ఎల్లప్పుడు మండుచుండును. రెండు వాట్లకు తక్కువది పెట్టరాదు. లెక్కించిన వేడికి రెట్టింపు తాళునదానిని ఎన్నుకొనుట పనివారి నియమము. మఱియు ప్రతి నిరోధకమునకు వోల్టుల పరిమితియు గలదు. పావు వాటు చిన్న గొట్టములకు 250 వోల్టులు మించరాదని చేయువారే సాధారణముగ నిర్ణయింతురు. అధిక వోల్టేజిగల చోట, వేడి తక్కువయే గదా యని వానిని పెట్టుట అవివేకము.

ఇక నిరోధకము దేనితో చేయబడినది యను ప్రశ్న. పాత పెట్టెలలో నుండునవి బొగ్గుపొడిని అంటుపదార్థముతో కలిపి అదిమి చేసినవి. ఇవి తేమను పీల్చి, యేండ్లు గడచినకొలది తమ ఓములను పెంచుకొనును. తమపై వోల్టేజి హెచ్చినకొలది బుసబుస శబ్దమును చేయును. సన్నని లోహపుపొర పూసినవి ఇంతకంటె నిలుకడగలవి, నిశ్శబ్దమైనవి. పాతవాటిలోనే మాధుర్యమున్నదని కొందఱు వాదకులు పట్టుపట్టుదురు. ఆ వాదములో మేము ప్రవేశింపము గాని, మొదటి వాల్వు ప్లేటుచోట మాత్రము లోహపుపొరదానినే పెట్టుట మేలని తోచుచున్నది. అచ్చట పుట్టిన బుసను తరువాతి వాల్వు లన్నియు పెంచును గదా. ఎట్టి నిరోధకమైనను వేడివలన కొంత సన్నని సవ్వడి చేయకమానదని 1928 లో జాన్సను, నైక్విస్టు అను శాస్త్రజ్ఞులు తెలిపిరి. ఓములు పెరిగిన ఆ సవ్వడియు పెరుగును. కావున గిటారు తీగె వచ్చి చేరు ద్వారమున అనవసరముగ పెద్ద నిరోధకమును పెట్టరాదు.

రంగులు చదువుట సులభము. గోధుమవన్నె 1, ఆకుపచ్చ 5, మూడవదగు ఎఱుపు రెండు సున్నలు, వెరసి 1,500. నాల్గవ చుట్టు బంగారువన్నె యైనచో నూటికి 5 వంతులు అటునిటు ఉండవచ్చును. అనగా 1,425 మొదలు 1,575 వఱకు ఏదైనను కావచ్చును. చెవికి ఈ భేదము తెలియుట కష్టము.

తలిదండ్రులును గమనింపవలసిన మాట యొకటి. ఈ పెట్టెలలో 300 మొదలు 450 వోల్టుల వఱకుండును. గోడనుండి త్రాడు లాగివేసిన పిదపను కెపాసిటరులలో ఆ శక్తి నిలిచియుండి ప్రాణములు తీయగలదు. దీనిని పోగొట్టుటకును నిరోధకమే కావలెను. 40 మైక్రోఫారడుల కెపాసిటరునకు 100,000 ఓముల నిరోధకమును తగిలించినచో, ఈ రెంటి గుణకారము 4 సెకనులు; దానికి అయిదు రెట్లు, అనగా 20 సెకనులు గడచిన, నూటికి ఒక వంతుకంటె తక్కువ మిగులును. మొదట 400 వోల్టులుండినచో ఆ క్షణమున 1.6 వాట్ల వేడి పుట్టును గనుక, 3 వాట్ల నిరోధకము తగియుండును. తరువాత మీటరుతో చూచి, సున్న యని తెలిసినగాని వ్రేలు పెట్టరాదు. తెలిసినవారు ప్రక్కన లేనిదే బాలురు ఈ పనికి పూనుకొనరాదు.

మరల ఓము కథకు వత్తము. 1826 ఆగస్టులో ఆతడు కొలోను బడినుండి సగము జీతముపై ఒక సంవత్సరము సెలవు తీసికొని, తమ్ముడు నివసించుచుండిన బెర్లినుకు పోయెను. 1827 లో తన సూత్రమును గణితరూపమున విస్తరించి గ్రంథముగా ప్రకటించెను. ఈ గ్రంథమువలన తనకు విశ్వవిద్యాలయమున స్థానము దొరకునని ఆతని యాశ. ఉష్ణము లోహమున ప్రసరించు రీతిని ఫ్రాన్సుదేశీయుడగు ఫూరియే గణితముచే వివరించిన మార్గముననే ఓము విద్యుత్తును వివరించెను. కాని నాటి జర్మనీలో ప్రకృతిని తత్త్వచింతనచే తెలిసికొనవలెను గాని, తీగలు కొలిచి సమీకరణములు వ్రాసి తెలిసికొనరాదని తలచు పండితులు పలువురుండిరి. పోలు అను ఆచార్యుడు గ్రంథమును తీవ్రముగ ఖండించెను. విద్యాశాఖయందు ఓమునకు తోడ్పాటు లభింపలేదు. ప్రయోగములలో అంత జాగరూకుడైన ఓము గ్రంథమునందు ఆ ప్రయోగములను వెనుకకు నెట్టి, గణితమునే ముందుంచుటయు కొంత కారణమై యుండవచ్చునని మాకు తోచుచున్నది. ఆ గణితము నాటి భౌతికశాస్త్రజ్ఞులకు కొఱుకుడు పడలేదు.

మనసు నొచ్చి, 1828 లో ఆతడు కొలోను ఉద్యోగమునకు రాజీనామా యిచ్చెను. వయస్సు ముప్పదితొమ్మిది. ఇల్లు లేదు, ఇల్లాలు లేదు, చేతిలో ధనము లేదు. బెర్లినులో నొక సైనిక పాఠశాలలో వారమునకు కొన్ని గంటలు లెక్కలు చెప్పుచు కాలము గడపెను. తాను తప్పు చేసితినని గ్రంథమును వెనుకకు తీసికొనలేదు. నిందించినవారిపై పగతో శాస్త్రమును విడిచిపెట్టను లేదు. 1833 లో న్యూరెంబర్గు నగరమున పాలిటెక్నిక్ పాఠశాలయందు ఆచార్యపదవి దొరకెను. అది ఆతడు కోరిన విశ్వవిద్యాలయము కాదు. అయినను ఆకలి తీర్చెను.

ఈలోపల ఆ సూత్రము తనంతట తాను బలము పుంజుకొనుచుండెను. లైప్‌జిగులో ఫెక్నరు ప్రయోగములు చేసి నిజమని కనుగొనెను. తంతివార్తలు పంప ప్రయత్నించుచున్న ఇంగ్లీషువారికి, ఎన్నిమైళ్ల తీగకు ఎంత బ్యాటరి కావలెనో తెలుపు లెక్క అత్యవసరమయ్యెను. 1841 లో ఓము గ్రంథము ఇంగ్లీషులోనికి వచ్చెను. ఆ సంవత్సరమే లండనులోని రాయల్ సొసైటీవారు తమ పరమగౌరవమగు కాప్లీ పతకమును ఆతని కొసగిరి. మఱుసటియేట తమ విదేశసభ్యునిగా చేర్చుకొనిరి. స్వదేశీయులు చేయవలసిన సన్మానమును పరదేశీయులు చేసిరి.

గిటారు చేపట్టినవారికి ఓముతో ఇంకొక బంధుత్వము గలదు. దీనిని పాఠ్యపుస్తకములలో సాధారణముగ వ్రాయరు. 1843 లో ఆతడు శబ్దమునుగూర్చి యొక వ్యాసము ప్రకటించెను. తీగ మీటినపుడు ఒక్క నాదమే వచ్చినట్లు తోచినను, అందు అనేక సరళ నాదములు కలిసియుండుననియు, చెవి వానిని విడదీసి వినుననియు దాని సారము. గిటారులోని లావు తీగ సెకనుకు సుమారు 82 మారు లూగును. దానితోడనే 165, 247 ఇత్యాదిగా రెట్టింపు, మూడురెట్లు మొదలగు నాదములును పుట్టును. వీని పాళ్లు మారిన స్వరపు రంగు మారును.

నిరోధకమును మార్చిన స్వర మేల మారునో ఇప్పుడు తెలియగలదు. కెథోడు నిరోధకమును మిక్కిలి పెంచి, వాల్వులో ప్రవాహమును బాగుగ తగ్గించినచో, పెద్ద సంకేతము వచ్చినపుడు దాని యొక వైపు అల కోసివేయబడును, రెండవ వైపు నిలుచును. ఇట్లు ఒంటివైపు నలిగిన యలలో రెట్టింపు, నాలుగురెట్లు మొదలగు సరిసంఖ్యా నాదములు క్రొత్తగా పుట్టును. ఇంగ్లాండులోని మార్షలు పెట్టెలలో కొన్నింట 10,000 ఓముల కెథోడు నిరోధకమును బుద్ధిపూర్వకముగ పెట్టినది ఇందునకే. గరగరలాడు ఆ స్వరము కొందఱ చెవులకు కటువుగా నుండును; కోరువారు కోట్లు గలరు. ఎట్లైనను, ఓము కనుగొనిన విద్యుత్సూత్రము ఆ పెట్టెలోని ప్రవాహమును చెప్పుచున్నది. ఆతని శబ్దసూత్రము ఆ ప్రవాహము చెవికెట్లు వినబడునో చెప్పుచున్నది. గిటారు పెట్టె ఆతడు కలలోనైన నెఱుగని వస్తువు.

ఈ శబ్దసూత్రమునకును ప్రతివాది లేచెను. అతడు ఆగస్టు సేబెకు. ఓమునకు నిలుకడగల విద్యుత్తును సమకూర్చిన యా థామస్ సేబెకు కుమారుడు. ఇరువురకును వాదము కొంతకాలము సాగెను. 1863 లో హెల్మ్‌హోల్ట్‌సు తన సంగీతశాస్త్ర గ్రంథమున ఓమును సమర్థించెను. తరువాతి పరిశోధకులు సేబెకు చెప్పినదానిలోను కొంత సత్యమున్నదని కనుగొనిరి. మూలనాదము మిక్కిలి బలహీనముగ నున్నను, చెవి దాని శ్రుతినే వినుచుండును. చిన్న గిటారు పెట్టె స్పీకరు 82 ఊపుల నాదమును సరిగా పలుకలేకున్నను, లావు తీగ శ్రుతి మనకు తప్పక తెలియుట ఇందువలననే.

1849 లో ఓము మ్యూనికు నగరమునకు పిలువబడి, అచ్చటి శాస్త్రపరిషత్తుయొక్క పరికరములకు రక్షకుడుగా నుండి, విశ్వవిద్యాలయమున ఉపన్యసించుచుండెను. 1852 లో భౌతికశాస్త్రాచార్య పీఠము లభించెను. యౌవనమునుండి కోరిన పదవి అరువదిమూడవ యేట చేతికి వచ్చెను. రెండేండ్లు మాత్రమే దాని ననుభవించి, 1854 వ సంవత్సరము జూలై 6 వ తేదీన ఆ నగరముననే మరణించెను.

ఇట్టి సూత్రమునే ఇంగ్లాండులో హెన్రీ కావెండిషు అంతకు పూర్వమే కనుగొని, ఎవ్వరికిని చెప్పక కాగితములలో నుంచెను. 1879 లో మాక్స్‌వెల్లు ఆ కాగితములను అచ్చు వేయించినపుడు గాని లోకమునకు తెలియలేదు. అప్పటికి ఓము పేరు స్థిరపడిపోయెను. 1881 లో పారిసున సమావేశమైన అంతర్జాతీయ విద్యుత్సభ నిరోధముయొక్క కొలతకు ఓము అని పేరు పెట్టెను. ప్రవాహమునకు దారి యిచ్చు గుణమును కొలుచుటకు ఇంగ్లీషువారు ఆ పేరునే తలక్రిందులు చేసి మో అని వాడిరి. దానికి ఇప్పుడు సీమెన్సు అను పేరు వాడుకలోనికి వచ్చినది. అయినను పాత వాల్వుల పట్టికలను తెఱచినవారికి మైక్రోమోలు అను మాట నేటికిని కనబడుచున్నది.